ఇంట్లో ఎలక్ట్రిక్ కారు: చేయండి... రోడ్డెక్కించకండి!

ఇలాంటి వార్త మీరూ చూసే ఉంటారు. ఫలానా ఊళ్లో ఓ కుర్రాడు ఇంటి దగ్గరే ఎలక్ట్రిక్ కారు తయారుచేశాడు. ఫొటోలో రేకులతో కట్టిన బాడీ, మెడలో పూలదండతో కుర్రాడు, వెనక ఊరి జనం. కింద ఒక వాక్యం: 'ఒక్కసారి ఛార్జ్ చేస్తే 300 కిలోమీటర్లు'. వీడియోకి వ్యూస్ లక్షల్లో వస్తాయి. ఆర్నెల్లు గడిచాక ఆ కారు ఏమైందో, ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడో ఎవరూ రాయరు.

ఈ వార్త చదివినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. 'మన కుర్రాళ్లలో ఎంత ప్రతిభ ఉందో చూడండి, పెద్ద కంపెనీలు కూడా చేయలేనిది చేశాడు' అని కొందరు. 'చదువుకోకుండా ఈ పిచ్చి పనులెందుకు, ప్లేస్‌మెంట్‌కి ప్రిపేర్ అవ్వక' అని ఇంకొందరు. రెండూ తప్పే. మొదటివాళ్లు లెక్క చూడరు. రెండోవాళ్లు ఆ పనిలో ఉన్న చదువు చూడరు.

నా మాట సూటిగా చెప్పేస్తాను. బీటెక్, డిప్లొమా, ఐటీఐ చదువుతున్నవాళ్లకి ఒక పాత కారును ఎలక్ట్రిక్‌గా మార్చడం కంటే మంచి ప్రాజెక్టు ఇప్పుడు దొరకడం కష్టం. నలుగురైదుగురు కలిసి చేయండి. కానీ మూడు షరతులు: లెక్క వేసి చేయాలి, జాగ్రత్తగా చేయాలి, చేసినదాన్ని పబ్లిక్ రోడ్డు మీదకి తేకూడదు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి వదిలేసినా, ప్రాజెక్టు మొదలుపెట్టకపోవడమే మేలు.

కొన్న ప్రాజెక్టు ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అనగానే మనలో చాలామంది బస్సెక్కి అమీర్‌పేటకో, దిల్‌సుఖ్‌నగర్‌కో వెళ్తారు. డబ్బు కడితే మోడల్, రిపోర్టు, పీపీటీ అన్నీ చేతిలో పెడతారు. వైవాకి రెండు రోజుల ముందు బట్టీ పడితే మార్కులు కూడా వస్తాయి. ఇది అందరికీ తెలిసిన రహస్యం. మన లెక్చరర్లకీ తెలుసు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగే మొదటి ప్రశ్న అందరికీ ఒకటే: 'ఏం చేశారు?' దానికి అందరూ జవాబు చెబుతారు. అసలు పరీక్ష రెండో ప్రశ్నతో మొదలవుతుంది. 'బ్యాటరీకీ కంట్రోలర్‌కీ మధ్య ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టారు? అంతే ఎందుకు?' మూడోది: 'ముందు అనుకున్న డిజైన్ ఏంటి, ఎందుకు మార్చారు?' కొన్న ప్రాజెక్టులో 'మార్చడం' అనేదే ఉండదు. చేతులతో చేసినవాడు మాత్రం ఈ ప్రశ్న వినగానే కుర్చీలో ముందుకు జరుగుతాడు. చెప్పడానికి అతని దగ్గర బోలెడుంటుంది.

ఏం తీయాలి, ఏం పెట్టాలి

మొత్తం కారును రేకులతో కొత్తగా కట్టడం కంటే పాత కారును మార్చడమే తెలివైన పని. బాడీ, స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేకులు, సీట్లు ఇవన్నీ ఏళ్ల తరబడి పరీక్షలకి నిలబడ్డవి. వాటిని మళ్లీ కనిపెట్టాల్సిన పని లేదు.

ఉదాహరణకి మారుతి 800 తీసుకుందాం. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 వరకూ తయారైన కారు. దీన్ని విప్పిన మెకానిక్ లేని ఊరు తెలుగు రాష్ట్రాల్లో ఉండదేమో. ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. కారు బరువు సుమారు 650 కిలోలు. తేలిక కాబట్టి ఎలక్ట్రిక్‌గా మార్చడానికి అనువైనది.

ఇంజిన్, రేడియేటర్, సైలెన్సర్, పెట్రోల్ ట్యాంకు బయటికి వస్తాయి. గేర్‌బాక్స్ అలాగే ఉంచుకోవచ్చు. లోపలికి వెళ్లేవి ఇవి: మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్, బ్యాటరీ ప్యాక్, ఆ ప్యాక్‌ని కాపాడే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటే బీఎంఎస్, ఛార్జర్, హెడ్‌లైట్లకీ హారన్‌కీ వైపర్లకీ 12 వోల్టులు ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్, యాక్సిలరేటర్ పెడల్ దగ్గర ఒక సెన్సర్.

జాబితా చూస్తే ఈజీగానే ఉంటుంది. చేతులు పెట్టాక తెలుస్తుంది. మోటారు షాఫ్టునీ గేర్‌బాక్స్ షాఫ్టునీ కలపడానికి ఒక ప్లేటు, ఒక కప్లింగ్ చేయించాలి. రెండు షాఫ్టుల కేంద్రాలు ఒకే గీత మీద ఉండాలి. మిల్లీమీటరులో చిన్న భాగం తేడా వచ్చినా కారంతా వణుకుతుంది, బేరింగులు అరిగిపోతాయి. ఈ పని ల్యాప్‌టాప్‌లో కాదు, లేత్ మిషన్ దగ్గర తేలుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో మీ ఊరి లేత్ షాపులోనో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న మేస్త్రి మీ డ్రాయింగ్ చూసి 'బాబూ, ఇది ఇలా కూర్చోదు' అంటాడు. ఆ మాట విని డ్రాయింగ్ మార్చుకోవడం నాలుగేళ్ల కోర్సులో ఏ సబ్జెక్టూ నేర్పదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. బ్రేక్ బూస్టర్ ఉన్న పెట్రోల్ కార్లలో ఆ బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ ఇంజిన్ నుంచే వస్తుంది. ఇంజిన్ తీసేస్తే బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. దానికి విడిగా ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంప్ పెట్టాలి. కారు కదలడం గురించి ఆలోచించే ముందు ఆగడం గురించి ఆలోచించాలనేది ఈ పని నేర్పే మొదటి పాఠం.

పదో తరగతి ఫిజిక్స్ చాలు

మోటారు ఎంత పవర్‌ది కావాలి? షాపువాడిని అడగకండి. లెక్క వేయండి.

మనుషులతో కలిపి కారు బరువు 900 కిలోలు అనుకుందాం. టైర్లు దొర్లడానికి ఎదురయ్యే నిరోధం బరువులో సుమారు 1.3 శాతం. అంటే 900ని 9.8తో, 0.013తో గుణిస్తే 115 న్యూటన్లు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఇలాంటి చిన్న కారు మీద గాలి నిరోధం దాదాపు 80 న్యూటన్లు. మొత్తం 195. దీన్ని సెకనుకి 13.9 మీటర్ల వేగంతో గుణించండి. 2.7 కిలోవాట్లు! చదునైన రోడ్డు మీద 50 వేగంతో వెళ్లడానికి చక్రాల దగ్గర కావాల్సింది అంతే.

ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కుదాం. 100 మీటర్లకి 5 మీటర్లు ఎత్తు పెరిగే వాలు, వేగం 40 అనుకుంటే ఎత్తు ఎక్కడానికే 4.9 కిలోవాట్లు. దొర్లడానికి, గాలికి ఇంకో 1.85. కలిపితే దాదాపు 7 కిలోవాట్లు. అంటే 10 కిలోవాట్ల దాకా లాగగలిగే మోటారు ఉంటే ఊళ్లో తిరిగే కారు అవుతుంది. మారుతి 800 అసలు ఇంజిన్ 27 కిలోవాట్ల ప్రాంతంలో ఉండేది. కాబట్టి మీ కారు హైవే కారు అవ్వదు. దాన్ని ముందే ఒప్పుకోవడమూ డిజైన్‌లో భాగమే.

ఇక బ్యాటరీ. 195 న్యూటన్ల బలంతో కిలోమీటరు దూరం వెళ్తే 195 కిలోజౌళ్లు, అంటే 54 వాట్-అవర్లు. మోటారు, గేర్‌బాక్స్, కంట్రోలర్‌లో పోయేది కలిపితే 70. మన ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వెళ్తాం కాబట్టి కిలోమీటరుకి 100 వాట్-అవర్లు అనుకుంటే నమ్మదగ్గ లెక్క.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఒక్కోటి 3.2 వోల్టులు. 16 సెల్స్‌ని వరసగా కలిపితే 51.2 వోల్టులు. ఒక్కో సెల్ 100 ఆంపియర్-అవర్లదైతే ప్యాక్‌లో 5.12 కిలోవాట్-అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 5 యూనిట్లు. అందులో 80 శాతమే వాడుకుంటే 41 కిలోమీటర్లు వస్తాయి.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కావాల్సిన 7 కిలోవాట్లని 51.2 వోల్టులతో భాగించి, నష్టాలు కలిపితే 160 ఆంపియర్లు. చాలా పెద్ద సెల్స్ ఆగకుండా ఇవ్వగలిగేది వాటి కెపాసిటీకి సమానమైన కరెంటే. అంటే 100 ఆంపియర్-అవర్ల సెల్ నుంచి 100 ఆంపియర్లు. 160 లాగితే వేడెక్కుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. పరిష్కారం? సెల్ డేటాషీట్ చదివి, రెండేసి సెల్స్‌ని పక్కపక్కన కలపడం. 32 సెల్స్, 10.24 కిలోవాట్-అవర్లు, దాదాపు 80 కిలోమీటర్లు. సెల్స్ బరువు సుమారు 64 కిలోలు. ఖర్చు కూడా రెట్టింపు. ఇంటర్వ్యూలో అడిగే 'ముందు అనుకున్న డిజైన్ ఎందుకు మార్చారు' అనే ప్రశ్నకి జవాబు ఇదిగో, కాగితం మీదే దొరికింది. ఇంకా ఒక్క బోల్టు కూడా విప్పలేదు!

వైరల్ మాటలకి అదే లెక్క

ఇప్పుడు ఆ '300 కిలోమీటర్ల' వార్తకి తిరిగి వెళ్దాం. మన లెక్కలో 300 కిలోమీటర్లకి 30 కిలోవాట్-అవర్లు కావాలి. ఇవే సెల్స్ అయితే 94. సెల్స్ బరువే 190 కిలోలు. రేకుల బాడీ కింద అంత బ్యాటరీ ఫొటోలో కనిపించిందా? లేకపోతే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకో రకం వార్త ఉంది. 'చక్రానికి ఆల్టర్నేటర్ బిగించాం, కారు నడుస్తుంటే బ్యాటరీ దానంతట అదే ఛార్జ్ అవుతుంది, ప్లగ్ పెట్టే పనే లేదు.' ఆల్టర్నేటర్‌ని తిప్పే శక్తి కూడా ఆ బ్యాటరీ నుంచే రావాలి. దారిలో కొంత వేడిగా పోతుంది. కుడి జేబులో రూపాయి తీసి ఎడమ జేబులో వేసుకుంటూ, మధ్యలో పది పైసలు కింద పడేసుకోవడం లాంటిది ఇది. బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కొంత శక్తిని వెనక్కి ఇవ్వడం వేరే విషయం. అది నిజం, కానీ ఖర్చుపెట్టిన దాంట్లో కొంత తిరిగి రావడమే తప్ప అదనపు సంపాదన కాదు.

కారు పైకప్పు మీద సోలార్ ప్యానెల్? ఇది కొంతవరకు పనిచేస్తుంది. రెండు చదరపు మీటర్ల ప్యానెల్, 20 శాతం సామర్థ్యం, నడినెత్తిన ఎండ ఉంటే 400 వాట్లు. రోజుకి ఐదు గంటల పూర్తి ఎండకి సమానమైన వెలుతురు దొరికితే 2 యూనిట్లు. నష్టాలు పోను 15 నుంచి 20 కిలోమీటర్లు. మన ఎండల్లో అదీ తక్కువేం కాదు. కానీ 'సోలార్ కారు, ఛార్జింగ్ అక్కర్లేదు' అని చెప్పే ముందు ఈ అంకె చెప్పాలి.

ఉద్యోగం ఇచ్చేవాళ్లకి ఇంజినీర్‌లో కావాల్సింది ఇదే. గొప్ప అంకె చెప్పేవాడి కంటే, చిన్న అంకె చెప్పి అది ఎలా వచ్చిందో చూపించేవాడి మీద వాళ్లకి నమ్మకం కుదురుతుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్ జిల్లాలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అవి కంపెనీలు అమ్మిన బండ్లు. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలని కఠినం చేసింది. కంపెనీ వస్తువుకే ఆ గతి పడితే, మీరు చేత్తో కట్టిన ప్యాక్ విషయంలో ఎంత భయం ఉండాలో ఆలోచించండి. ఆ భయం మంచిది. దాన్ని పోగొట్టుకోవద్దు.

కొన్ని నియమాలు గోడ మీద రాసి పెట్టుకోండి.

మొదటి ప్రాజెక్టు 48 వోల్టుల తరగతి దాటకూడదు. వాహనాల ప్రమాణాల్లో 60 వోల్టుల డీసీ దాటితే హై వోల్టేజ్ కిందే లెక్క. 16 ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ పూర్తిగా ఛార్జ్ అయినా 58.4 వోల్టులే. గీతకి ఇవతలే ఉంటారు.

షాక్ తక్కువ కదా అని ధీమా వద్దు. వోల్టేజ్ తక్కువైనా కరెంటు ఎక్కువ. మీ కారు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వైర్లలో పారే 160 ఆంపియర్లు, వెల్డింగ్ కడ్డీని కరిగించడానికి సరిపోయే కరెంటు. స్పానర్ జారి రెండు టెర్మినల్స్ మీద పడితే వేల ఆంపియర్లు పారతాయి. కాబట్టి స్పానర్లకి ఇన్సులేషన్ ఉండాలి. చేతికి ఉంగరం, కడియం, గాజులు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టాకే ప్యాక్ మూత తెరవాలి.

ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు మెరుపు ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా ఉండదు. మెరుపు సాగుతూనే ఉంటుంది. డీసీ కోసం చేసిన ఫ్యూజ్, డీసీ కాంటాక్టర్ తప్పనిసరి. ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి. డ్రైవర్ చేతికి అందేలా ఎమర్జెన్సీ స్విచ్ ఉండాలి.

బీఎంఎస్ లేకుండా లిథియం ప్యాక్ కట్టడమంటే సేఫ్టీ వాల్వ్ లేని ప్రెషర్ కుక్కర్ పొయ్యి మీద పెట్టడమే. వరసలో ఉన్న 16 జతల్లో ఏ ఒక్కటి 3.65 వోల్టులు దాటినా ఛార్జింగ్ ఆగాలి, ఏ ఒక్కటి అడుగుకి పడిపోయినా మోటారు ఆగాలి. మొత్తం వోల్టేజ్ చూసి 'బాగానే ఉంది' అనుకోవడం ప్రమాదం. సగటు బాగుండి ఒక్కడు ఫెయిలైన క్లాసు లాంటిది అది.

మన ఎండాకాలాన్ని లెక్కలోకి తీసుకోండి. చాలా సెల్స్‌కి ఛార్జింగ్ చేయదగ్గ గరిష్ఠ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బయటే అంత ఉంటుంది. మూసిన డిక్కీలో ఇంకా ఎక్కువ. కాబట్టి టెంపరేచర్ సెన్సర్లు పెట్టాలి, వేడి చల్లారాకే ఛార్జింగ్ పెట్టాలి.

చివరిది: పడుకునే గదిలో, మెట్ల కింద, గుమ్మం దగ్గర ఛార్జింగ్ వద్దు. ఉబ్బిన సెల్, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సెకండ్ హ్యాండ్ సెల్ ఎంత చవకైనా వద్దు. ఒంటరిగా పని చేయొద్దు. పొగ కనిపిస్తే కారు సంగతి వదిలేసి బయటికి పరిగెత్తి 101కి ఫోన్ చేయాలి.

రోడ్డు సంగతి వేరు

'నా కారు, నా డబ్బు, నా ఇష్టం' అనడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలకి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. ఇంధనం మారితే ఆ వివరాలు మారినట్టే. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అలాగని పెట్రోల్ కారును ఎలక్ట్రిక్‌గా మార్చడం నిషేధమేం కాదు. ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్షలు పాసై ఆమోదం పొందిన కిట్‌ని, అధీకృత వ్యక్తులు బిగించి, ఆర్‌సీలో నమోదు చేయించుకుంటే చట్టబద్ధమే. పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు ఆ పరీక్షలు చేస్తాయి. హైదరాబాద్‌లో మొదలైన ఈ-ట్రియో అనే సంస్థ ఆల్టో, వ్యాగన్ఆర్ కార్లని ఇలాగే ఎలక్ట్రిక్‌గా మార్చింది. కానీ ఆ ఆమోదం కిట్ తయారుచేసే సంస్థలకి. ఒక్క కారు చేసుకునే విద్యార్థికి ఆ ఖర్చు, ఆ దారి రెండూ అందవు.

'ఊళ్లో రోడ్డే కదా, పోలీసులెవరూ ఉండరు' అంటారా? పోలీసులు లేకపోవచ్చు. రోడ్డు దాటే పిల్లలుంటారు, సైకిల్ మీద వెళ్లే తాతలుంటారు. మీ కారు ఎవరికైనా తగిలితే అనుమతి లేని వాహనానికి ఇన్సూరెన్స్ కంపెనీ అండగా నిలబడుతుందని ఆశపడొద్దు. పోలీస్ కేసు నమోదైతే పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ దగ్గర, ఉద్యోగంలో చేరేముందు జరిగే విచారణ దగ్గర ఎదురయ్యేది కూడా మీకే. కాలేజీ గ్రౌండు, ప్రహరీ ఉన్న స్థలం, యాజమాన్యం రాతపూర్వక అనుమతి ఇంతవరకే మీ కారు ప్రపంచం.

ఈ దారిలో నడిచినవాళ్లు

చేతన్ మైనీ పేరు వినే ఉంటారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా సోలార్ కారు తయారుచేసిన విద్యార్థి బృందంలో ఉన్నాడు. ఆ కారు 1990లో అక్కడి సన్‌రేస్ పోటీలో గెలిచి, ఆస్ట్రేలియాలో జరిగిన ప్రపంచ సోలార్ పోటీలో మూడో స్థానంలో నిలిచింది. ఆ అనుభవంతో బెంగళూరు వచ్చి 2001లో రేవా కారును మార్కెట్లోకి తెచ్చాడు. రేవా బ్యాటరీ 48 వోల్టులు, 9.6 కిలోవాట్-అవర్లు. ప్రకటించిన దూరం 80 కిలోమీటర్లు. మనం పైన కాగితం మీద వేసిన అంకెలతో పోల్చి చూడండి! 2010లో ఆ సంస్థలో మెజారిటీ వాటాని మహీంద్రా కొనుక్కుంది.

టెస్లాకి ఏళ్ల తరబడి చీఫ్ టెక్నికల్ ఆఫీసర్‌గా ఉన్న జేబీ స్ట్రాబెల్ అంతకుముందు చేసిన పని ఏంటో తెలుసా? పాత పోర్షే 944 కారును లెడ్ యాసిడ్ బ్యాటరీలతో ఎలక్ట్రిక్‌గా మార్చుకోవడం.

వీళ్లిద్దరికీ మంచి విశ్వవిద్యాలయాలు, డబ్బు, పరిచయాలు ఉన్నాయి. అది దాచాల్సిన పని లేదు. కారు చేసినవాళ్లందరూ కంపెనీ పెట్టేస్తారని నేను చెప్పట్లేదు. కానీ ఇద్దరూ మొదట చేతులకి గ్రీజు అంటించుకున్నారు. ఆ భాగం మనకీ అందుబాటులో ఉంది.

ఉద్యోగాల దగ్గరకి వద్దాం

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల గిగా కారిడార్‌కి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని అప్పుడు ప్రకటించారు. ఎలక్ట్రిక్ బస్సుల ఒలెక్ట్రా, ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన ప్యూర్ ఈవీ, మూడు చక్రాల బండ్ల గాయం మోటార్ వర్క్స్ హైదరాబాద్‌వే. బెంగళూరు, చెన్నై, హోసూరు, పుణె సంగతి సరేసరి.

ఈ రంగంలో పని అంటే కారు గీయడం ఒక్కటే కాదు. ఈఈఈ వాళ్లకి మోటార్ కంట్రోల్, ఛార్జర్లు. ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లకి బీఎంఎస్ సాఫ్ట్‌వేర్, ఎంబెడెడ్ సీ, వాహనంలోని భాగాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే క్యాన్ బస్. మెకానికల్ వాళ్లకి ప్యాక్ డిజైన్, వేడి బయటికి పంపడం, బరువు సర్దుబాటు. డిప్లొమా, ఐటీఐ వాళ్లకి వైరింగ్ హార్నెస్, అసెంబ్లీ, టెస్టింగ్, సర్వీసింగ్. కెమిస్ట్రీ చదివినవాళ్లకి సెల్ తయారీ, క్వాలిటీ. ఒక్క కారు ప్రాజెక్టు ఈ బ్రాంచీలన్నిటినీ ఒకే షెడ్డులో కూర్చోబెడుతుంది. ఆడపిల్లల్ని 'నువ్వు రిపోర్టు రాయి' అని పక్కన కూర్చోబెట్టే అలవాటు మాత్రం షెడ్డు బయటే వదిలేయండి. రిపోర్టు అందరూ రాయాలి, స్పానర్ అందరూ పట్టాలి.

పాఠాలకి డబ్బు పెట్టక్కర్లేదు. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఎలక్ట్రిక్ వాహనాల మీద చెప్పిన కోర్సు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉంది. ఈ-బాజా, ఫార్ములా భారత్ పోటీల నిబంధనల పుస్తకాలు తెరిచి చూడండి. పోటీకి వెళ్లినా వెళ్లకపోయినా, ఫ్యూజ్ నుంచి ఎమర్జెన్సీ స్విచ్ దాకా ఏది ఎక్కడ ఉండాలో అందులో రాసి ఉంటుంది.

ఇంకో పని తప్పక చేయండి. రోజూ నోట్‌బుక్ రాయండి. తేదీ, ఏం చేశాం, ఏం కొలిచాం, ఏది పాడైంది, ఎందుకు. పాడైన కప్లింగ్‌ని తుక్కులో వేయకండి, ఫొటో తీసి దాచండి. ఇంటర్వ్యూలో తళతళలాడే పీపీటీ కంటే నూనె మరకలున్న నోట్‌బుక్ ఎక్కువ మాట్లాడుతుంది.

డబ్బుల్లేవంటే?

కారు ప్రాజెక్టుకి ఖర్చు ఎక్కువే. అందులో పెద్ద వాటా బ్యాటరీది. ఇంట్లో అప్పు చేయించి మాత్రం చేయొద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్న ఇంట్లో లక్షలు అడగడం ప్రాజెక్టు కాదు, భారం.

చిన్నగా మొదలుపెట్టండి. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాకుండా 60 కిలోల లోపు బరువు ఉన్న ఎలక్ట్రిక్ రెండు చక్రాల బండిని నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. రిజిస్ట్రేషన్ గొడవ లేదు. పాత సైకిల్‌కి హబ్ మోటారు బిగించినా కారులో ఉండే సూత్రాలన్నీ అందులోనూ ఉంటాయి: సెల్స్, బీఎంఎస్, కంట్రోలర్, వైరింగ్, లెక్క. అదీ కుదరకపోతే టేబుల్ మీద నాలుగు సెల్స్, ఒక చిన్న బీఎంఎస్, ఒక మైక్రోకంట్రోలర్ పెట్టి సెల్ వేడినీ వోల్టేజ్‌నీ కొలిచి గ్రాఫ్ గీయండి. కోఠి గుజరాతీ గల్లీలో ఒక మధ్యాహ్నం తిరిగితే ఎలక్ట్రానిక్ సామాను చాలావరకు దొరుకుతుంది. నిజంగా కొలిచిన నాలుగు సెల్స్ గ్రాఫు, కొనుక్కొచ్చిన కారు మోడల్ కంటే విలువైనది.

పెద్దలు చేయాల్సింది

భారమంతా విద్యార్థుల మీద వేయడం న్యాయం కాదు. మన కాలేజీల్లో చాలా వర్క్‌షాపులకి సాయంత్రం నాలుగున్నరకే తాళం పడుతుంది. లేత్ మిషన్లు తనిఖీ బృందం వచ్చినప్పుడే తుడుస్తారు. వర్క్‌షాపుని రాత్రి ఎనిమిది దాకా, ఒక ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో తెరిచి ఉంచితే సగం సమస్య తీరుతుంది. దగ్గర్లోని ఐటీఐతో, ఆటోనగర్ మేస్త్రులతో ఒప్పందం చేసుకుని వాళ్లని గెస్ట్ లెక్చరర్లుగా పిలిచి గౌరవ వేతనం ఇస్తే మిగతా సగంలో చాలా భాగం తీరుతుంది. యూనివర్సిటీలు వైవాలో రిపోర్టు పేజీలు లెక్కపెట్టడం మాని, విద్యార్థి చేత్తో ఒక కనెక్షన్ విప్పించి మళ్లీ బిగించమంటే ప్రాజెక్టుల అమ్మకం దానంతట అదే పడిపోతుంది.

రెండు ప్రభుత్వాలూ ఒక పని చేయొచ్చు. జిల్లాకో చోట, మూసి ఉన్న ట్రాక్‌లో, నెలకో రోజు రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్, అగ్నిమాపక సిబ్బంది సమక్షంలో విద్యార్థుల వాహనాలని నడపనివ్వాలి. లోపాలు చెప్పాలి. అప్పుడు పిల్లలు దొంగచాటుగా ఊరి రోడ్డు మీద పరీక్షించుకోవాల్సిన అవసరం ఉండదు. పత్రికల్లో రాసే మాకూ ఒక బాధ్యత ఉంది. పూలదండ ఫొటో వేసే ముందు బ్యాటరీ ఎన్ని కిలోవాట్-అవర్లో ఒక్క మాట అడగాలి.

ఈ వారాంతంలో మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఖర్చు సున్నా. మీ ఇంట్లో ఉన్న బండో, పక్కింటి కారో తీసుకుని దాని బరువు ఎంతో కనుక్కోండి. మీ కాలేజీకి ఎంత దూరమో, దారిలో ఎంత ఎత్తు ఎక్కాలో చూడండి. పైన వేసిన లెక్కే మీ అంకెలతో మళ్లీ వేయండి. ఎన్ని సెల్స్ కావాలో, ఎన్ని ఆంపియర్లు పారతాయో, ఏ ఫ్యూజ్ కావాలో రాయండి. ఆ కాగితాన్ని బ్రాంచ్ వేరైన ఇద్దరు ఫ్రెండ్స్‌కి చూపించి తప్పులు పట్టమనండి. వాళ్లతో వాదన మొదలైందంటే, మీ ప్రాజెక్టు టీమ్ తయారైనట్టే.